పటంలోని రాజుకు బంతిపూల దండ

సుధామయి చదువు ఎనిమిదో తరగతి సగంలోనే ఆగిపోయింది. అమ్మకు పక్షవాతం వచ్చింది, ఇంట్లో చూసేవాళ్ళు లేరు. మంచం పట్టిన మనిషిని లేపి కూర్చోబెట్టడం, విసుక్కోకుండా తినిపించడం అప్పుడే చేతికి వచ్చేశాయి. పెళ్ళయి భర్త వెంట కెనడాలోని సార్నియా వచ్చాక ఆ విద్యే పనికొచ్చేలా కనిపించింది. ట్రాయ్కో అనే ఎనభై ఆరేళ్ళ మాసిడోనియా ముసలాయనకు పగటిపూట తోడుగా ఉండాలి. వారం రోజులు చూసి, ఉంచుకునేదీ లేనిదీ శనివారం చెబుతానంది ఆయన కూతురు.

రెండో రోజే పొరపాటు జరిగింది. హాల్లో ఒక యువకుడి పటం ఉంది. ఉంగరాల జుట్టు, పెద్ద కళ్ళు. కింద ఒక కొవ్వొత్తి. ముసలాయన పొద్దున్నే దాని ముందు కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. పాపం, చేతికందిన కొడుకు పోయాడు కాబోలు అనుకుని ఆమె ఇండియన్ స్టోర్‌లో కొన్న ప్లాస్టిక్ బంతిపూల దండ తెచ్చి పటానికి వేసింది.

"ఎందుకిది?" అన్నాడు ట్రాయ్కో.

"మీ అబ్బాయికి. పోయినవాళ్ళకి మేం ఇలా వేస్తాం."

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "పోయి రెండువేల మూడువందల ఏళ్ళు దాటింది. అలెగ్జాండర్. మా రాజు."

అలా కథ మొదలైంది. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. తన నీడకు తనే బెదిరే గుర్రాన్ని సూర్యుడి వైపు తిప్పి లొంగదీసుకున్న సంగతి సూప్ తాగుతూ చెప్పాడు. ఇరవయ్యేళ్ళకు సింహాసనం. ఆపైన ఈజిప్టు, పర్షియా. మాత్రలు వేసుకోమంటే వాటినే బల్ల మీద సైన్యాలుగా నిలబెట్టి యుద్ధాలు చూపించాడు. శుక్రవారం నాటికి కథ ఇండియా దాకా వచ్చింది.

"మీ పుస్తకాల్లో ఆయన గురించి ఏముంది? రేపు చెప్పు."

పాఠంలో సుధామయికి బాగా గుర్తున్నది పురుషోత్తముడే. నిన్నెలా చూడమంటావని అలెగ్జాండర్ అడిగితే, రాజును రాజులా చూడమన్నవాడు. పట్టుబడినవాడి మాటే అంత పెద్దగా ఉంటే మరి గెలిచిందెవరు? బడిలోనే అడగాలనుకుంది. అడగనేలేదు.

సాయంత్రం ఇంటి ఓనర్ కోదండరామ్ అంకుల్‌ని అడిగింది.

"మన దేశం మీదికొచ్చినవాడికి దండేశావా తల్లీ," అని ఆయన ఏడిపించాడు. "మనవాడు తన్ని తరిమాడు. అయినా నీకెందుకు, జగజ్జేత అని చెప్పేయ్. జాబ్ కావాలా, హిస్టరీ కావాలా?"

"నిజంగా తరిమాడా అంకుల్?"

"అంటే... మా నాన్నగారు అనేవారు."

అడక్కపోయినా బాగుండేదనిపించింది.

శనివారం కూతురి ఎదుటే ముసలాయన అడిగాడు. సుధామయి టీ కప్పు పట్టుకుని నేల చూసింది. జగజ్జేత అందామనే నోరు తెరిచింది. వచ్చింది వేరు.

"మా పాఠంలో మీ రాజు కొంచెమే ఉన్నాడు. ఓడినా తల దించని మా రాజే ఎక్కువ. ఆ తర్వాత మీ సైనికులు ఇక ముందుకు నడిచేది లేదన్నారట. అది గెలుపో ఓటమో నాకు ఇప్పటికీ తెలీదు."

ట్రాయ్కో ముఖం కందగడ్డలా అయింది. కూతురి వైపు తిరిగి తమ భాషలో గబగబా ఏదో అన్నాడు. రెండుసార్లు వేలు సుధామయి వైపు చూపించాడు. కూతురు నవ్వలేదు. అయిపోయిందనుకుని సుధామయి కోటు అందుకుంది.

"సోమవారం ఎనిమిదింటికే రాగలవా?" అంది కూతురు. "నీకు అన్నీ తప్పులే నేర్పారట. సరిదిద్దడానికి మామూలు టైం చాలదంటున్నాడు."

ఉంచుకున్నట్టా, తిట్టినట్టా? సుధామయికి అర్థం కాలేదు. సరేనని తలూపి బయటికి నడిచింది. ఆ వేళకు ఇటు బస్సు ఉంటుందో లేదో కూడా తెలియదు.