గోడ మీద బొగ్గు గీతలు

నర్సమ్మ పోయింది. మంగళవారం పొద్దున చర్చి గంట ఆగి ఆగి మోగుతుంటే ఎవరా అనుకున్నాను. పాలు పోయడానికి వచ్చినామె చెప్పింది. చేతిలో చెంబు పట్టుకుని అట్లాగే గడప మీద కూర్చుండిపోయాను. ఆమె మాకు బంధువు కాదు, మా దేవుడూ ఆమె దేవుడూ వేరు. అయినా ఆమె రుణం నేను తీర్చుకోగలిగేది కాదు.

నాలుగేండ్ల కింద మా అత్తకు రొమ్ములో రాచపుండు లేచింది. నందికొట్కూరు నుంచి కర్నూలుకు తీసుకుపోతే చేయి దాటిపోయిందన్నారు. నొప్పికి ఒక సీసా నీళ్లమందు ఇచ్చి ఇంటికి పంపారు. మా వీధి చివర ఉండే నర్సమ్మ, మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి మానుకున్న మనిషి, ఎవరూ పిలవకుండానే నల్లగొడుగు వేసుకుని వచ్చింది. సీసాకు అంటించిన కాగితం గుర్తులు చూపించి, నాలుగు గంటలకోసారి ఒక గుర్తు మందు తాగించమంది. మా ఇంట్లో గడియారం ఎక్కడిది? ఆమె పొయ్యిలోంచి బొగ్గు తీసి, వసారా గోడ మీద నీడ జరిగే దారిలో గీతలు గీసింది.

"నీడ ఈడికొస్తే ఒక గుర్తు, ఆడికొస్తే ఇంకొకటి. రాత్రికి పండుకునేముందొకటి, నడిరేయి లేపి ఒకటి. మీ యత్త అడిగినా అడక్కపోయినా ఇయ్యల్ల పాపా."

నేనేమో తెలివి ఎక్కువైనదాన్ని. అందులో నల్లమందు ఉందని మా ఆయన ఎక్కడో విని వచ్చాడు. అలవాటైపోతుందేమో, ప్రాణానికే మోసమేమో అని నాకు భయం. నొప్పి ఉందా అత్తా అని అడిగేదాన్ని. "ఏం ల్యాదు మ్మే" అనేది. మా వైపు ఆడవాళ్లకు ఆ మాట పుట్టుకతో వస్తుంది, కోడలికి పని పెట్టకూడదనుకునే మా అత్తకు మరీను. ఆ మాట పట్టుకుని సగం గుర్తే పోసేదాన్ని. ఒక్కోసారి అదీ లేదు.

వారం తిరక్కుండా నర్సమ్మ వచ్చి, సీసా ఎత్తి వెలుతురుకు పట్టుకుంది.

"ఇదేం పాపా, ఇంత నిండుగా ఉండాది?"

ఆమె తిట్టలేదు. అత్త కాళ్ల మీది దుప్పటి పక్కకు తీసింది. పది వేళ్లూ లోపలికి ముడుచుకుని బిగుసుకుని ఉన్నాయి.

"నోటినడిగితే ఏం ల్యాదనే అంటాది. కాళ్లనడుగు."

"అలవాటైతే ఎట్ల నర్సమ్మా?"

"మరి నొప్పికి అలవాటు పడమంటావా? డాక్టరు చెప్పినంతే ఇస్తాండాం కదా. నొప్పి ముదిరినాక మందు దాన్ని అందుకోల్యాదు. అది లేయకముందే మందు లోపలికి పోవల్ల."

ఆనాటి నుంచి గీతకు గుర్తు తప్పలేదు. రెండో రోజు మధ్యాహ్నం అత్త లేచి కూర్చుని తల దువ్వమంది. సంగటి తిని, పప్పులో ఉప్పు చాల్లేదని సణిగింది. ఆ సణుగుడు విని వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఈ మందుకు కడుపు బిగపడుతుందని నర్సమ్మ ఆముదం కూడా పట్టించేది. ఆముదం పనిచేసిందా అని వీధిలోంచే గట్టిగా అడిగేది. అత్త సిగ్గుతో చచ్చిపోయేది. మరో రెండు నెలలు బతికింది అత్త. పోయిన రోజు ఆమె కాలివేళ్లు వదులుగా ఉన్నాయి.

పోయిన నెల నర్సమ్మే మంచాన పడిందని తెలిసి చూడ్డానికి పోయాను. అదే జబ్బు, ఈసారి కడుపులో. చెల్లెలి కూతురు వచ్చి కనిపెట్టుకుని ఉంది.

"నొప్పి ఎట్లుండాది నర్సమ్మా?"

"ఏం ల్యాదు పాపా."

నేను దుప్పటి ఎత్తాను. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. గూట్లో సీసా నిండుగా ఉంది.

"పెద్దమ్మ అడిగితే ఇద్దామనే ఉండా అక్కా. అడగనే అడగదు" అంది ఆ పిల్ల.

నాకు ఒళ్లు మండింది. "ఊరందరికీ చెప్తివి, నీకు నువ్వు చెప్పుకోల్యాకపోతివా?" అన్నాను. నర్సమ్మ మొహం తిప్పుకుంది. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, నర్సమ్మ నాకు చెప్పినదంతా చెప్పాను. ఆముదంతో సహా. పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి వసారా గోడ మీద గీతలు గీస్తుంటే మంచంలోంచి మాట వినిపించింది.

"గీత వంకర పోయింది పాపా."

మంగళవారం సాయంత్రం ఆమెను మట్టిలో పెట్టి వచ్చాక, ఆ పిల్ల ఒంటరిగా ఉందని తోడుగా ఆ ఇంట్లోనే ఆగిపోయాను. ఇద్దరం వసారాలో కూర్చున్నాం. నీడ జరిగి జరిగి ఆఖరి గీతను తాకింది. ఆ పిల్ల గభాలున లేచి, గూటి దగ్గరికి పోయి సీసా తీసుకుంది. తీసుకున్నాక గుర్తొచ్చింది కాబోలు, అట్లాగే నిలబడిపోయింది. ఆమె చేతిలో సీసా దాదాపు ఖాళీగా ఉంది.