పదిన్నర గంటల వేడి

రిటైర్మెంటుకి రెండేళ్ల ముందు, మార్చి నెలలో, నందిని ఊరు దాటాక ఉన్న ఒక సున్నపురాయి గని పనికి నన్ను వేశారు. అప్పుడు నేను భిలాయిలో ఒక చిన్న కన్సల్టెన్సీకి సీనియర్ సర్వేయర్ని. గనివాళ్లు తవ్విపోసిన మట్టిగుట్టను ఇంకా పెంచాలనుకున్నారు. పెంచితే దాని వేడికి ఎవరి ఇళ్లు ఉండటానికి పనికిరాకుండా పోతాయో తేల్చాలి. గుట్టకు పడమర పక్కన, సరిగ్గా దాని మొదట్లో ఆరిళ్ల వరస ఉంది. నా పటంలో అది ఎర్రగా వస్తే వాళ్లకు వేరేచోట ఇళ్లిస్తారు. నీలంగా వస్తే అక్కడే ఉండాలి.

ఎత్తుపల్లాల లెక్కలతో కంప్యూటర్లో నేల నమూనా కట్టి, ఉపగ్రహం కొలిచిన నేల వేడిని దాని మీద దుప్పటిలా పరుస్తాం. ఇది గాలి వేడి కాదు, మట్టి, రాయి, ఇంటికప్పుల పైపొర వేడి. తర్వాత చేతి థర్మామీటరుతో అక్కడికే వెళ్లి సరిచూడాలి. ఉపగ్రహం మా మీదుగా పోయేది పొద్దున్న పదిన్నర ప్రాంతంలో. మేం కొలిచేదీ అదే వేళకు కొలవాలి, లేకపోతే రెండంకెలనూ పోల్చడానికి లేదు.

నియమం తప్పే మనిషిని కాను నేను. కొలతలకిచ్చిన మూడు రోజులూ పదిన్నరకే వెళ్లాను.

వరసలో చివరి ఇల్లు అప్పలనరసమ్మ గారిది. గనిలో పనిచేసిన భర్త పోయాక ఒక్కతే ఉండేది. శ్రీకాకుళం మనిషి కదా, నా తెలుగు విని తెగ సంబరపడిపోయింది. సాయంత్రం టీకి రమ్మని మూడు రోజులూ పిలిచింది. ఇంటి గోడ ఎలా కాలుతుందో అప్పుడు చూద్దువుగాని అని కూడా అంది.

సాయంత్రాలు నాకు పనేం లేదు. గెస్ట్‌హౌస్‌లో నేనూ, హిందీ తప్ప రాని వంటమనిషీ. నా భార్య పోయి అప్పటికి నాలుగేళ్లు. అయినా వెళ్లలేదు. వెళ్తే ఇంటి సంగతులు అడుగుతుంది, చెప్పాలి. దానికన్నా గోడలు చూస్తూ కూర్చోవడమే మేలనిపించింది. పాపిష్టి ఒంటరితనం, అదీ అలవాటైపోతుంది.

అంకెలు అచ్చంగా కలిశాయి. వరస నీలం. మూడో రోజు మధ్యాహ్నమే రిపోర్టు పంపేశాను.

కొలత టేపు ఆవిడ అరుగు మీద మరిచిపోయి, ఆ రోజే నాలుగింటికి వెళ్లాను. ఆరిళ్లవాళ్లూ చాపలేసుకుని రోడ్డవతల నీడలో కూర్చున్నారు. టేపు తీసుకుంటూ గోడకు చెయ్యానించి చటుక్కున లాక్కున్నాను. అప్పుడు వెలిగింది నా బుర్రలో. గుట్ట వాలు పడమటి వైపుకి ఉంది. పొద్దున్న ఎండ దానికి సరిగా తగలదు, మధ్యాహ్నం నుంచి అదే పొయ్యి. పటంలో ఆ వాలూ ఈ ఇళ్లూ కలిసి ఒకటే గడి, గడికి ఒకటే అంకె.

"ఏటి బాబూ, రోజూ పొద్దున్నే వొచ్చీసి ఎలిపోనావు," అంది ఆవిడ. "మేం ఉడికీది ఇప్పుడు కదా."

రిపోర్టు వెనక్కి తెప్పించడానికి మా మేనేజరు ఒప్పుకోలేదు, సవరణ పంపమన్నాడు. గంటగంటకీ మళ్లీ కొలిచి పంపాను. అది ఆమోదం పొందేసరికి వానలు వెళ్లిపోయాయి. ఐదు కుటుంబాలకు ఇళ్లొచ్చాయి. అప్పలనరసమ్మ గారు మే నెల ఎండకు తాళలేక చరోదాలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. తాళం వేసిన ఇంటిని జాబితాలో చేర్చరు.

ఇప్పుడు భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఉంటున్నాను. చరోదా అరగంట దారి. ఇంకా వెళ్లలేదు.

ఆ మూడు రోజులూ నేను సరిచూసింది ఉపగ్రహాన్ని, ఇళ్లను కాదు. తర్వాత చేసిన ప్రతి పటంలో వేడి పక్కన అది ఏ గంటకు కొలిచిందో రాశాను. ప్రతి చోటా ఒక కొలత మాత్రం అక్కడి ఇంటివాళ్లు రమ్మన్న వేళకే తీశాను.