తైద అంబలితో మింగించిన గోలీలు

మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆమెకు ఒంట్లో బాగాలేకపోతే నాకు కాలు ఒకచోట నిలవదు.

పత్తి ఏరే రోజుల్లో ఆమెకు చలిజ్వరం వచ్చింది. నడుము ఒకపక్క పట్టేసింది. ఒంటికి వెళ్తే మంట. చాలా రోజుల నుంచే ఉందట, నాతో చెప్పలేదు. చేనులో ఆడవాళ్ళకు చాటు ఉండదు కదా, అందుకని పొద్దంతా నీళ్ళు తాగకుండానే ఏరుతుంది. మా దేవరుప్పుల నుంచి బస్సెక్కించి జనగామ తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మూత్రం పరీక్షకు పంపి, ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందని చెప్పి, సిప్రోఫ్లాక్సాసిన్ గోలీలు రాసింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

"మూడు రోజులల్ల జ్వరం దిగకపోతె మళ్ల తీస్కరా. దవాఖానల పండవెట్టి సూదులియ్యాలె" అంది.

ఆ మాట నా చెవిలోంచి పోలేదు.

గోలీలు వేడి చేస్తాయని మా ఇంట్లో గట్టి నమ్మకం. అవ్వ ఆ గోలీని చూడగానే మూతి తిప్పుకుంది.

"నాకొద్దే గది. కడుపుల నిప్పు పోసుకున్నట్టయితది."

"తైద అంబలితోని ఇస్తనే అవ్వా. సలువ చేస్తది."

"గట్లయితె సల్ల గూడ పొయ్యి."

తైదలంటే రాగులు, సల్లంటే మజ్జిగ. పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు కలిపి, గోలీ నోట్లో వేసి దాంతోనే మింగించాను. కడుపులో మంట లేదు, నోరు పూయలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కానీ జ్వరం దిగలేదు. మొదటి రోజు సరే అనుకున్నాను. రెండో రోజు కూడా అంతే. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. నాలుగు కుట్లు వేయడం, లేచి అవ్వ నుదురు ముట్టడం, మళ్ళీ వచ్చి మిషన్ ముందు కూర్చోవడం. ఒక జాకెట్‌కి కుడిచేతిని ఎడమ భుజానికి కుట్టాను. విప్పి మళ్ళీ అదే తప్పు చేశాను. థర్మామీటరు చెడిపోయిందేమోనని నా చంకలో పెట్టుకుని చూసుకున్నాను. అది బాగానే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం అవ్వకు నూట రెండు చూపించింది.

గోలీలు కొన్న మా ఊరి మందుల షాపుకు పరుగెత్తాను. అక్కడ కూర్చునే ఆమె ఫార్మసీ చదివింది. ఊరంతా ఆమెను ఆపా అంటుంది, అంటే అక్క అని. జాకెట్లు నాతోనే కుట్టించుకుంటుంది.

"ఏందే, చెప్పుల్లేకుంట ఉరికొచ్చినవ్?"

"ఆపా, నువ్విచ్చిన గోలీలు నకిలీవా ఏంది? మూడొద్దులాయె, జ్వరం జర గూడ దిగలే."

"మంచియే ఇచ్చిన. దేంతోని ఏస్తున్నవ్ గవి?"

"ఉత్తగ ఏస్తనా? తైద అంబలి కాసి, మంచిగ సల్ల పోసి..."

ఆపా తల పట్టుకుంది. "యా అల్లా! నీళ్లు లేవానే మీ ఇంట్ల?"

నాకేమీ అర్థం కాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. ఆమె నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నువ్వు దారంతోని పనిచేసేదానివి, చెప్తె తెలుస్తది. క్రిమిల డీఎన్ఏ అని పొడుగు దారం ఉంటది. ఒక క్రిమి రెండు కావాలంటె గా దారానికి నకలు తియ్యాలె. తీస్తుంటె మెలికలు వడ్తయి. గా మెలికలు ఇప్పనీకి క్రిమి కాడ ఒక పనిమంతురాలుంటది. దారం కోస్తది, మెలిక తీస్తది, మళ్ల అతుకుతది. మన మందు పోయి, కోసినంక అతకకుంట ఆమెను పట్టుకుంటది. తెగిన దారం తెగినట్టే ఉంటది. క్రిమి సస్తది."

"మరి మా అవ్వ ఒంట్ల సస్తలేవేంది?"

"ఆగరాదు! మందుకు పక్కపక్కన రెండు ఆక్సిజన్ కొసలుంటయి, కొక్కెం లెక్క. నడుమ మెగ్నీషియం సాయం తీసుకొని గా కొక్కెంతోనే పనిమంతురాలిని పట్టుకుంటది. తైదలల్ల, సల్లల కాల్షియం మస్తుంటది. కడుపులకు పోంగనే కాల్షియం వచ్చి గదే కొక్కేనికి తగులుకుంటది. ఇంక మందు రక్తంలకు ఏం పోతది? శానమటుకు పేగులకెల్లే బయటికి పోతది."

"అంటె మూడొద్దుల మందు నేనే ఆగం చేసిన్నా?"

"కొంత పోయే ఉంటది. కాని సగం సగం పోతె క్రిమికి మందు తట్టుకునుడు అలవాటయితది. గదే నా పరేషాన్."

ఆపా అప్పుడే డాక్టరమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. పరీక్ష రిపోర్టు వచ్చిందట. ఆ క్రిమికి ఇదే మందు పనిచేస్తుందట. ఉత్త నీళ్ళతో వేయమంది. గోలీ వేసిన రెండు గంటల దాకా, వేసే ముందు ఆరు గంటలూ అంబలి, పాలు, మజ్జిగ వద్దంది. వాంతులైనా, మనిషి తూలినా వెంటనే తీసుకురమ్మంది. రేపు సాయంత్రానికి దిగకపోతే ఇక ఆగవద్దంది.

ఇంటికొచ్చి తప్పు ఒప్పుకుంటే అవ్వ నా మీద కాదు, ఆపా మీద లేచింది.

"తైదలు తప్పు చేసినయా? మా నాయిన జిందగంత గవే తాగి బతికిండు!"

"మీ నాయిన గీ గోలీలు మింగిండానే?"

ఆమె విసుక్కుంటూనే ఆ సాయంత్రం నీళ్ళతో మింగింది. మర్నాడు పొద్దున ఇంకోటి. దవాఖానకు పోవాల్సి వస్తుందేమోనని నేను బట్టలు సంచిలో సర్దాను. మళ్ళీ తీశాను. మళ్ళీ సర్దాను. ఇప్పుడు కొక్కెం తగిలిందా, ఇప్పుడు దారం తెగిందా అని ఆమె నడుము వైపే చూస్తూ కూర్చున్నాను, అక్కడేదో కనబడుతుందన్నట్టు.

మధ్యాహ్నం దాటాక అవ్వకు చెమటలు పట్టాయి. జాకెట్ వీపంతా తడిసిపోయింది. థర్మామీటరు తొంభై తొమ్మిది చూపించింది. నమ్మలేక మూడుసార్లు పెట్టాను.

"గొడ్డును తడిమినట్టు తడుముతున్నవేందే? జరగు, ఆకలైతాంది" అంది.

నాకు కూడా అప్పుడే ఆకలి గుర్తొచ్చింది.

మర్నాటికి లేచి వాకిలి ఊడ్చింది. సాయంత్రం గోలీ ఇస్తే చేయి అడ్డం పెట్టింది.

"జ్వరం పోయింది గదనే. ఇంకెందుకు?"

"లోపట ఇంక మిగిలుంటయే అవ్వా."

"సూశినవా నువ్వు?"

"సూడలే."

"మరి?"

నీళ్ళ గ్లాసు పట్టుకుని ఆమె ఎదురుగా అట్లాగే నిలబడ్డాను. చివరికి మింగింది. అయినా నాకు నమ్మకం కుదరక నోరు తెరవమన్నాను. నెత్తి మీద ఒకటి మొట్టి, నాలుక బయటపెట్టి చూపించింది.