నా బిడ్డ నాకు చెప్పని ఏడు నెలలు

చింతామణిలో మా వీధి ఆడపిల్లల్లో ఎవరు ఎంత ఎదిగారో వాళ్ళ అమ్మల కంటే ముందు నాకే తెలుస్తుంది. ఇందులో నా గొప్పేమీ లేదు. నేను జాకెట్లు, పిల్లల యూనిఫాంలు కుట్టేదాన్ని. జూన్‌లో కుట్టిన లంగా దసరాకి పొట్టిదైపోతుంది. టేపు ఏదీ దాచుకోదు. నేనూ దాచుకోను. ఏడో తరగతిలో చదువు ఆగిపోయాక నాకు మిగిలింది నోరొక్కటే, దాన్ని కోడిపుంజు మాదిరి మేపి పెంచాను.

అంగడి అంటే మా ఇంటి ముందుగదే. పొద్దున పది నుంచి చీకటి పడేదాకా నలుగురు ఆడవాళ్ళు కూర్చునే ఉంటారు. సగంమంది కుట్టించుకోడానికి, సగంమంది నా మాటలు వినడానికి. మా ఇంటాయన బాగేపల్లిలో ఒక హోటల్లో వంటపని చేస్తూ వారానికొకసారి వస్తాడు. ఇంట్లో ఉండేది నేను, మా అత్త, నా కూతురు. మా అత్తవాళ్ళది తరతరాలుగా గుడిసేవ చేసిన వంశం. ఇప్పుడు గుడి మా చేతుల్లో లేదు, మడి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. నెలలో మూడు రోజులు నాకు వేరే కంచం, వేరే లోటా, అంగడిలోనే చాప. ఆ మూడు రోజుల గురించి కూడా నేను నవ్వించేదాన్ని. "మా అత్త నాకు నెలకి మూడు రోజులు సెలవు ఇస్తాది, సర్కారు వాళ్ళు కూడా ఇయ్యరు" అనేదాన్ని.

ఒకరోజు వెనక వీధి నుంచి ఒకామె కూతుర్ని తీసుకుని యూనిఫాం కొలతకి వచ్చింది. టేపు పెట్టి చూసి నేనన్నాను: "అమ్మా, యూనిఫాం బట్ట ఎందుకు దండగ, ఓణీ బట్ట తీసుకో. ఆరు నెలల్లో నీ తమ్ముడికి కబురు చేయాల. ఆకులు యాడ దొరుకుతాయో ఇప్పుడే చూసిపెట్టుకోమను."

మావైపు పిల్ల పెద్దమనిషి అయితే మేనమామ పచ్చాకులు తెచ్చి ఇంటి ముందు చిన్న గుడిసె కట్టాలి. పదకొండు రోజులు పిల్లని అందులో కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి తినిపించి, ఆఖరిరోజు ఆరతి ఎత్తుతారు. ఇప్పుడు వీధి మొదట్లో పిల్ల ఫోటోతో ఫ్లెక్సీ కూడా కడుతున్నారు. కాబట్టి నా మాట అందరికీ అర్థమైంది, అందరూ నవ్వారు. ఆ పిల్ల ఇస్కూలు బ్యాగును గుండెలకి అదుముకుని నేల చూసింది. మిషను వెనకాల నా కూతురు లెక్కలు చేసుకుంటోంది. అది నవ్వలేదు. లెక్కల్లో మునిగిందనుకున్నాను.

నా మిషను కింద ఒక గోనెసంచి ఉంటుంది. కత్తిరించగా మిగిలిన పేలికలన్నీ అందులో పడేస్తాను. నెలకోసారి మురుగమల్ల నుంచి ఒక ముసలామె వచ్చి బొంతలు కుట్టడానికి వాటిని పట్టుకుపోతుంది. ఒకసారి ఆమె సంచి ఎత్తి చూసి మొహం చిట్లించింది.

"ఏమ్మా, మూట తేలికయిపోయిండాది. ఇంకెవరికైనా ఇస్తాండావా?"

"ఇస్తాండానమ్మా, మా ఇంట్లో ఎలకలకి. అవి కూడా ఆరతికి లంగాలు కుట్టించుకుంటాండాయి."

ముసలామె నవ్వింది. పక్కనే ఉన్న నా కూతురు కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. పళ్ళు కనబడ్డాయి, కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి.

ఇప్పుడు తలుచుకుంటే ఎన్ని గుర్తులో. పాప పోయిన కొలతతోనే కుట్టేయమనేది, టేపు పట్టుకుని దగ్గరికి పోతే దూరం జరిగేది. ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకునేది. కడుపునొప్పి అంటే, "పరీక్ష దగ్గర పడిందిలే, అది పుస్తకం నొప్పి" అనేదాన్ని. పచ్చిబియ్యం గుప్పెట్లతో తినేది. "తిను పాపా తిను, నీ పెండ్లిలో వాన పడతాది, పందిరి ఖర్చు మిగులుతాది" అన్నాను. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంటే రంగు తేలుతోందని మురిసిపోయాను.

ఒకరోజు ఇస్కూల్లో ప్రార్థన వరసలో పడిపోయింది. మిస్సు ఫోన్ చేసింది. నేను పోయేసరికి ఒళ్ళు పెనం మాదిరి కాలుతోంది. ఊళ్ళో డాక్టరు చూసి, ఆలస్యం చెయ్యకుండా చిక్కబళ్ళాపురం తీసుకుపొమ్మన్నాడు. అక్కడ పెద్ద ఆస్పత్రిలో ఒక లేడీ డాక్టరు పాప కళ్ళ కింద రెప్ప లాగి చూసి అడిగింది:

"పెద్దమనిషి ఎప్పుడయింది?"

"ఇంకా కాలేదమ్మా. అయింటే ఈపాటికి మా వీధిలో మైకు కట్టుండేదాన్ని."

ఆమె నవ్వలేదు. "మీరు కాసేపు బయట ఉండండి" అంది.

తలుపు బయట నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. పిలిచి చెప్పింది. ఏడు నెలలయిందట. ఈసారి మొదలైంది పద్దెనిమిది రోజులుగా ఆగలేదట. ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదు, రెండు సంచులు ఎక్కించాలి. జ్వరం లోపలి చీము వల్ల. ఏం గుడ్డ వాడుతున్నావని అడిగితే చెప్పిందట: అంగడిలో లైనింగు పేలికలు. నైలాను, పాలిస్టరు. నీళ్ళు పీల్చుకోని గుడ్డ. ఉతికింది ఉతికినట్టు తడిగానే దాచి, మళ్ళీ అదే కట్టుకుంది.

గుడ్డల సంగతి నాకు చెప్పక్కర్లేదు. ఏ గుడ్డ చెమట పీలుస్తుందో, ఏది పీల్చదో చేత్తో తడిమి చెప్పగలను. మంచి నూలు గుడ్డ ఇంట్లో తాన్లు తాన్లుగా ఉండింది.

బట్టలు తీసుకురావడానికి సాయంత్రం ఇంటికి వెళ్ళాను. పాప డాక్టరుకి చెప్పిన చోటే, స్నానాలగదిలో నీళ్ళ డ్రమ్ముకీ గోడకీ మధ్య సందులో చెయ్యి పెట్టాను. అక్కడే ఉన్నాయి, చిన్న చిన్న చుట్టలుగా. వాసన. ఒక్కొక్కటే విప్పి చూశాను. ఆకుపచ్చది బట్టలంగడి వాళ్ళ అమ్మాయి పెండ్లి జాకెట్టులోది, నేను కార్తీకంలో కుట్టాను. కుంకుమరంగు ఇస్కూలు మిస్సుది, సంక్రాంతి వెళ్ళాక ఇచ్చింది. పసుపుది ఉగాదికి ముందుది. నెలలు లెక్కపెట్టుకోడానికి నాకు క్యాలెండరు అవసరం లేకపోయింది. అన్నీ నా కత్తెర కోసినవే. ఆ నెలల్లో నేను ఆ గుడ్డ కోస్తూ ఎవరిమీద ఏ జోకు వేశానో కూడా గుర్తొచ్చింది.

రెండో సంచి రక్తం ఎక్కుతుండగా పాప కళ్ళు తెరిచింది.

"నాకు ఎందుకు చెప్పలేదు పాపా?"

"చెప్తే నువ్వు అందరికీ చెప్తావు."

కోపంగా అనలేదు. ఇస్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు అంది. మళ్ళీ అంది: "ఇప్పుడు కూడా చెప్పొద్దు మా. అవ్వకి చెప్పొద్దు. గుడిసె వద్దు, ఫ్లెక్సీ వద్దు. ఒట్టు పెట్టు."

సూది గుచ్చిన చెయ్యి కదలకుండా పట్టుకుని, దాని తలమీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టాను.

పాపకి రక్తం తక్కువైందని మా అత్తతో చెప్పాను. అంగడిలో అడిగినవాళ్ళకి కామెర్లన్నాను. పాప ఇంటికొచ్చింది. తొమ్మిది రోజులు నా నోరు కట్టేసుకున్నాను. నా జన్మలో అదే పెద్ద ఉపవాసం. పదో రోజు చాకవేలులో ఉండే మా తమ్ముడికి ఫోన్ చేశాను.

ఎందుకు చేశానంటే, మేనమామ బయటివాడు కాదు కదా. మావైపు మొదటి కబురు వాడికే. ముందు వాడికి చెప్పి, ఆ తరవాతే మిగతా లోకానికి. కాబట్టి వాడికి చెప్పడం చెప్పినట్టు కాదని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. చెయ్యాల్సింది చెయ్యకపోవడం వల్లే బిడ్డకి ఇట్లా అయిందేమోనని ఒక భయం కూడా. ఇవన్నీ నిజమే. కానీ అసలు నిజం, నాకు ఉండబట్టలేదు.

"ఒరే, నీ మేనకోడలు ఏడు నెలలుగా నీకు చిమ్మిలి ఎగ్గొట్టిందిరా" అని నవ్వాను. "ఎవరికీ చెప్పొద్దు. పాప వద్దంటాండాది."

"సరేలే అక్కా" అన్నాడు. వాడు అర్థం చేసుకుంది వేరు. ఆడపిల్లలు వద్దనే అంటారు, మేనమామ తన పని చెయ్యాల.

ఆదివారం పొద్దున గూడ్స్ ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. ఆటోనిండా పచ్చి కొబ్బరి మట్టలు. వాటి మీద మా మరదలు, ఆమె ఒళ్ళో చిమ్మిలి బేసిను. మా అత్త గడపలోకొచ్చింది.

"ఎవరికప్పా గుడిసె?"

"ఇంకెవరికత్తా, మీ మనవరాలికే. మీకు తెలీదా?" తమ్ముడు పాపం సంతోషంగా మట్టలు దించుతున్నాడు.

మా అత్త నా వైపు తిరిగింది. "ఎన్నాళ్ళయింది?"

నా బదులు మరదలే అంది: "ఏడు నెలలంట."

"ఏడు నెలలా? మరి ఏడు నెలలూ దేవునింట్లో దీపం ఎవరు పెట్టినారు?"

పాపే పెట్టింది. రోజూ సాయంత్రం నాకు కుట్టుపని తెమలదని నేనే పెట్టమనేదాన్ని. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు అప్పటికే బయటికొచ్చారు. మా అత్త ఆ పిల్లని ఏమనాలో అన్నీ అనేసింది, అందరిముందూ. పాప తలుపు పట్టుకుని నిలబడింది. చేతిమీద సూది గుచ్చినచోట నల్లగా కమిలి ఉంది. అవ్వ వైపు చూడలేదు. నన్నే చూసింది.

ఆ నిమిషాన ఒక్క మాట అంటే సరిపోయేది. "మట్టలు ఆటోలో ఎక్కించు, మా ఇంట్లో గుడిసె లేదు" అంటే చాలు. మా అత్త నాలుగు రోజులు అన్నం మానేసేది, తమ్ముడు ఒక ఏడాది మాట్లాడేవాడు కాదు. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. వీధిలో ఎవరినైనా నిలబెట్టి కడిగేసే నోరు, నా బిడ్డ కోసం తెరుచుకోలేదు.

పాపే మెట్లు దిగింది. "కట్టు మామా" అంది. సగం కట్టిన గుడిసెలోకి వెళ్ళి కూర్చుంది.

పదకొండు రోజులు ఏం పెడితే అది తింది. ఆరతినాడు తల వంచమంటే వంచింది. వచ్చినవాళ్ళు ఎంత బుద్ధిమంతురాలో అన్నారు.

ఆడపిల్ల ఎదుగుతున్న ఇంట్లో ఏం చెయ్యాలని ఇప్పుడు నన్ను కొందరు తల్లులు అడుగుతారు, నేను పెద్ద తెలిసినదాన్నయినట్టు. పదేళ్ళు దాటగానే ముందే చెప్పండి, మంచి నూలు గుడ్డో ప్యాకెట్టో చేతికి అందేచోట పెట్టండి, ఉతికిన గుడ్డ ఎండలో ఆరెయ్యండి, ఏడు రోజులు దాటి ఆగకపోతే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి అంటాను. ఇవన్నీ డాక్టరు నాకు చెప్పినవే. నావైపు నుంచి ఒకటే కలుపుతాను. పక్కింటి పిల్ల గురించి మీరు ఎట్లా మాట్లాడతారో మీ పిల్ల వింటూనే ఉంటుంది. తన వంతు వస్తే మీరేమంటారో అప్పుడే తెలుసుకుంటుంది.

మూడు నెలల తరవాత మళ్ళీ చిక్కబళ్ళాపురం వెళ్ళాం. ప్రతినెలా తేదీలు రాసిపెట్టమని డాక్టరు నాతో చెప్పింది. నేను అడిగినప్పుడల్లా పాప "ఊఁ" అనేది, అంతే. వచ్చిందో లేదో, ఆగిందో లేదో నాకు తెలీదు. ఇస్కూల్లో ఇచ్చే ప్యాకెట్లు దాని బ్యాగులో ఉంటాయి, బ్యాగుకి ఇప్పుడు చిన్న తాళం ఉంది.

స్కానింగు చూసి డాక్టరు, లోపల ఎంత దెబ్బ తగిలిందో ఇప్పుడే చెప్పలేమంది, పెండ్లయి పిల్లలు కావాలనుకున్నప్పుడే తెలుస్తుందంది. తేదీలు రాశారా అని నన్ను అడిగింది. నేను పాప వైపు చూశాను. పాప జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి డాక్టరుకి ఇచ్చింది.

"గుడ్" అంది డాక్టరు. "ఇంకేమైనా ఇబ్బంది ఉందా?"

పాప డాక్టరు వైపే చూసింది. "ఉంది మేడం. అమ్మని బయట ఉండమనండి."

నేను లేచాను. అప్పుడు కూడా నోటికి ఒక హాస్యం వచ్చింది. మింగేశాను. తలుపు నా వెనకే మూసుకుంది.

బయట బల్లమీద సోమేనహళ్ళి నుంచి వచ్చిన ఒకామె, ఒళ్ళో పసిబిడ్డతో జరిగి నాకు చోటిచ్చింది. "మీ పాపకి ఏమయిందమ్మా?" అని అడిగింది.

"నాకు తెలీదమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు.