దారి ఊడ్చుకోని గోళం

బడులకు గ్రహాల నమూనాలు చేసే ఆ కార్ఖానాలో ఎవరు ఏ గోళానికి రంగు వేస్తే వాళ్ళకు ఆ పేరే స్థిరపడిపోయేది. శనికి వలయం తొడిగే ఆవిడ మాత్రం, "నేను కాపరానికొచ్చిన రోజే మా అత్తగారు పెట్టిన పేరులే ఇది" అని నవ్వేసేది.

బల్ల చివర కూర్చునే పెద్దావిడ ప్లూటో. యజమానికి స్వయానా పిన్ని, అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. అందరికన్నా ఆఖరున చేరింది కనుక శనగగింజంత ఆఖరి గోళం ఆమె వంతుకొచ్చింది. బల్ల దగ్గర ఆ చోటంటే ఆమెకు ప్రాణం. ఇంట్లో ఆమె మాట వినే నాథుడు లేడు. ఇక్కడ ఆమె గోళం తగిలిస్తే గాని పెట్టెకు మూత పడదు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి, ఎవరూ చెప్పకుండానే గది ఊడ్చేది. పక్క గదిలోంచి వచ్చే చెక్కపొట్టు తడి రంగుకు అంటుకుంటే గోళం పాడైనట్టే.

ఒకరోజు యజమాని పేపరు పట్టుకొచ్చాడు. శాస్త్రవేత్తలు ఓట్లేసి ప్లూటోను గ్రహాల్లోంచి తీసేశారట.

"చిన్నదైతే మాత్రం, గ్రహం కాకుండా పోతుందా?" అంది శని.

"గుండ్రంగానే ఉంది, సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉంది. కానీ తన దారిలో అడ్డొచ్చేవేవీ లేకుండా ఊడ్చుకోలేదట" అన్నాడు యజమాని. "బడులవాళ్ళు ఇక ఎనిమిదే చాలంటున్నారు. పిన్నీ, నువ్వింక హాయిగా ఇంటిపట్టున ఉండు."

ఆమె మనసు చివుక్కుమంది. బ్రష్షు కడిగి పెట్టి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండానే భూమికి గడ్డం మొలిచింది. గురుగ్రహం నిండా పొట్టే. యజమాని పిన్ని ఇంటికి పరుగెత్తాడు.

"వచ్చి కాస్త ఊడ్చిపెట్టు పిన్నీ. జీతం ఇస్తాను."

"నా పని రంగు వెయ్యడం రా. ఊడవడం నా అలవాటు. బల్ల దగ్గర చోటుంటే చెప్పు, వస్తాను."

"గోళమే లేదుగా పిన్నీ!"

"అయితే దారి నువ్వే ఊడ్చుకో నాయనా."

అతను వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చింది.

ఊడ్చే మనిషిని పెట్టాడు, నిలవలేదు. ఇప్పుడు అందరికన్నా ముందొచ్చి యజమానే చీపురు పడుతున్నాడు. శని ఊరుకుంటుందా, అతనికి ప్లూటో అని పేరు పెట్టేసింది. శని వచ్చి ఆ సంగతి చెబితే పెద్దావిడ మొదట నవ్వింది. తర్వాత, "మరి వాడికి బల్ల దగ్గర చోటిచ్చారా?" అని అడిగింది.