ఎండ పక్షం, బొగ్గు పక్షం

నా చిన్నప్పుడే ఎండకూ బొగ్గుకూ మధ్య తగువు ఒకటి మా ఇంటి అరుగు మీదికి వచ్చింది. దానిని విన్నవారు మా తాతయ్య. ఆ తగువును ఆయన తీర్చారని మా వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు గాని, నేను ఎదుట కూర్చుని చూసినదాన్ని బట్టి ఆయన తీర్చలేదు. తగువు పడ్డవారిద్దరి చేతా తీర్పించారు.

అప్పుడు మేము మిర్యాలగూడలో ఉండేవాళ్ళం. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చిన తరువాత ఊరి చుట్టూ వరి పెరిగింది. వరి వెంట మిల్లులు పెరిగాయి. మా వీధి చివరి మిల్లులో ఉప్పుడు బియ్యం తయారయ్యేవి. వడ్లను తొట్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆ తడి వడ్లను విశాలమైన సిమెంటు కల్లంలో పరచి ఎండబెట్టేవారు. పరచి ఊరుకుంటే చాలదు, మాటిమాటికీ తిరగవేయాలి. ఆ పని ఆడవారిది. చీరలు పైకి దోపుకొని, వరుసగా నిలబడి, పాదాలతో చాళ్ళు తీస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవారు. వారు నడిచిన చోటల్లా అడుగున ఉన్న తడిగింజ పైకి తేలేది. మధ్యాహ్నం వేళకు కల్లం పెనంలాగా కాలేది. అయినా నడక ఆగేది కాదు.

ఆ ఆడవారికందరికీ పెద్ద మా పక్కింటి అక్క. ఆమెకు భర్త లేడు. ఇద్దరు చిన్నపిల్లలూ, మంచం పట్టిన అత్తా ఆమె రెక్కల మీదనే బతుకుతున్నారు. పనిలేని రోజు నాకు జడ వేసేది. వేస్తూ కల్లంలో జరిగిన హాస్యాలన్నీ చెప్పేది. ఆమె అరికాళ్ళు ఎండిన చెరువు మట్టిలాగా పగిలి ఉండేవి. వాటిని చూసి నేను జాలిపడితే, "నా చెప్పులు నాతోనే పుట్టినయ్ బిడ్డా, దొంగలెత్కపోరు" అని నవ్వేది.

ఆ యేడు వేసవి చివర ఒక వార్త బజారులో పుట్టి మా వీధికి వచ్చింది. మిల్లు సేటు డ్రయ్యర్ కొంటున్నాడు. బొగ్గు కొలిమి రగిలించి, ఆ వేడిగాలిని వడ్ల గుండా పంపించి, ఎండతో నిమిత్తం లేకుండా ఆరబెట్టే యంత్రం అది. దానికి చోటు కావాలి కనుక కల్లం పగలగొట్టిస్తాడట. కల్లం పోతే నడిచేవారితో పని ఉండదు. పక్కింటి అక్క ఆ సాయంత్రం నాకు జడ వేస్తూ మధ్యలో ఆగిపోయింది. మిగిలిన సగం మా అమ్మ వేసింది.

మరునాడు ఉదయం ఆమె మా అరుగు దగ్గరికి వచ్చింది. మా తాతయ్య శాస్త్రం చదువుకున్నవారు, ఊరిలో ముహూర్తాలు పెట్టేవారు. ఆయన ముహూర్తం పెట్టనిదే సేటు మిల్లులో యంత్రానికి కొత్త బెల్టు కూడా బిగించడు. ఆ సంగతి అక్కకు తెలుసు.

"అయ్యగారూ, మీ కాళ్ళు మొక్కుత. ఈ యేడు ముహూర్తమే లేదని చెప్పుండ్రి. పంచాంగం మీ చేతులనే ఉన్నది గద."

తాతయ్య జవాబు చెప్పేలోగా సేటు కొబ్బరికాయ, తమలపాకులు పట్టుకొని రానే వచ్చాడు. అతడు వచ్చింది డ్రయ్యర్‌కు ముహూర్తం అడగడానికే. చిన్నతనంలో మా తాతయ్య దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడు కనుక అరుగు ఎక్కకుండా మెట్టు మీదనే కూర్చున్నాడు. అక్కను చూసి ముఖం చిట్లించాడు.

"ఏందమ్మా, నాకంటె ముందే వచ్చినవ్? అక్కడ వడ్లు గాలికి ఇడిసి వచ్చినవా?"

"పలగ్గొడ్తవంటున్న కల్లమే గద సేటూ. ఆరితేంది, ఆరకపోతేంది?"

ఇద్దరి గొంతులూ లేచాయి. ఆమె కూలి మాట ఎత్తితే అతడు వాన మాట ఎత్తాడు. ఒకరు చెబుతుండగానే రెండవవారు అందుకున్నారు. తాతయ్య పంచాంగాన్ని మూసి పీట కింద పెట్టారు.

శాస్త్రవాదంలో పూర్వపక్షమని ఒక నియమం ఉన్నది. ఎదుటివాని మతాన్ని, అంటే అభిప్రాయాన్ని, కాదనదలచినవాడు ముందుగా దానిని తానే చెప్పాలి. కుదించి గాని, వెక్కిరించి గాని చెప్పరాదు. ఎదుటివాడు స్వయంగా చెప్పుకున్నదానికంటే ఒక పిసరు బాగా చెప్పగలిగినప్పుడే దానిని ఖండించే అధికారం వస్తుంది. తన శిష్యులకు పెట్టే ఆ నియమాన్ని తాతయ్య ఆనాడు మిల్లు సేటుకూ, పక్కింటి అక్కకూ పెట్టారు. సేటు ఎండ తరఫున మాట్లాడాలి, అక్క బొగ్గు తరఫున మాట్లాడాలి. ఎదుటివారు అవునని తల ఊపేదాకా చెప్పాలి. రెండు తలలూ ఊగిన తరువాతనే పంచాంగం తెరుస్తానన్నారు. తల ఊగినదీ లేనిదీ చూసి చెప్పే పని నాకు అప్పగించారు. తాను సాక్ష్యం చెబితే ఒకరికి మొగ్గినట్లు ఉంటుందట, పిల్ల చెబితే ఉండదట. నేను మనసులో పూర్తిగా అక్క వైపే ఉన్నానని ఆయనకు తెలియదని అనుకున్నాను.

సేటు సులువుగా ముగించబోయాడు.

"ఏమున్నదయ్యా, కూలి పోతదని వాళ్ళ ఏడుపు. గంతే గద."

అక్క తల కదలలేదు. ఆ మాటే చెప్పాను.

అక్క వంతు వచ్చింది. ఆమె కొంగును కండువాలాగా భుజాన వేసుకొని, పొట్ట ముందుకు చాచి, సేటు దగ్గినట్లే దగ్గింది. "నేను సేటును. నాకు మనుషులొద్దు, మిషినే గావాలె. మిషిను దసరకు చీర అడుగది, ఎండ కొట్టిందని కూసోది, ఎదురు మాట్లాడది." తలుపు చాటున మా అమ్మ నవ్వు వినిపించింది. సేటు కూడా నవ్వాడు, కానీ తల ఊపలేదు. నేను ఆ సంగతి చెప్పడానికి కొంచెం తటపటాయించి, చివరకు చెప్పాను. నవ్వించినంత మాత్రాన చెప్పినట్లు కాదని తాతయ్య అన్నారు.

వెక్కిరింపు అయిపోయాక చెప్పడానికి నిజమే మిగులుతుంది. అది తొందరగా నోటికి రాదు. చివరకు అక్కే కొంగు సర్దుకొని, నేల చూస్తూ మొదలుపెట్టింది.

"కిందటేడు ముసురు పట్టింది. వడ్లు ఆవిరి పట్టి ఉన్నయ్. పొద్దు పొడువదాయె. మేము పరదాలు కప్పుడు, తీసుడు, కప్పుడు, తీసుడు. కిందున్న వడ్లు ఉడుకెక్కి వాసనొచ్చినయ్. కేరళకు పోయిన బియ్యం లారీ అట్లనే మళ్ళొచ్చింది. ఇగ సేటు అన్నం దినలె. ఇప్పుడు గింత మబ్బు లేస్తే గేటు కాడ నిలవడి పైకే సూస్తడు. మబ్బుకు ఎవ్వరం చెప్పలేం గద. డ్రయ్యర్ ఉంటే ముసురుల గూడ మిల్లు నడుస్తది. మిల్లు మూతవడ్డంక మేమైతె ఏడ తొక్కుతం వడ్లు?"

ఆమె ముగించకముందే సేటు తల ఊగింది. తాను గేటు దగ్గర నిలబడటం ఎవరూ గమనించలేదనుకున్నాడేమో, చేతిలోని తమలపాకులను అటూ ఇటూ తిప్పుకొన్నాడు.

ఇక అతని వంతు. ఎండకు కిరాయి లేదన్నాడు. బొగ్గు కొత్తగూడెం వైపు నుంచి రావాలన్నాడు. దారిలో లారీ ఆగితే డ్రయ్యర్ ఆగినట్లేనన్నాడు. "గవన్ని నీ లెక్కలే సేటూ, నా బాధ గాదు" అన్నది అక్క. మళ్ళీ ఆలోచించి పొగ మాట చెప్పాడు. గొట్టం లేచిందంటే పడమటి గాలికి ఆ పొగ కల్లం ఆడవారి ఇండ్ల మీదికే పోతుంది. అక్క ఈసారి కాదనలేదు, ఔననలేదు. సేటు మెట్టు మీద నుంచి లేచాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. నిలబడి, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"మిషిను తెస్తున్ననని మేస్త్రికి చెప్పిన. బొగ్గాయనకు చెప్పిన. లారోళ్ళకు చెప్పిన. వీళ్ళకు చెప్పలె. ఇన్నేండ్ల సంది నా కల్లంల కాళ్ళు కాల్చుకున్నోళ్ళు, నా మిల్లు సంగతి బజాట్ల ఇన్నరు. కూలి పోవుడు ఒక ఎత్తు, అయ్యగారూ. అడుగకుండ పోవుడు ఇంకో ఎత్తు."

నేను అక్క ముఖం వైపే చూస్తున్నాను. ఆమె తల ఊపలేదు. చెంగుతో ముఖం కప్పుకొన్నది. ఏమి చెప్పాలో తోచక తాతయ్య వైపు చూశాను. ఆమే కొంగులో నుంచి అన్నది. "గదే, అయ్యగారూ. గదే నాకు చెప్పొస్తలేదు."

తాతయ్య పంచాంగం తెరిచి శ్రావణంలో ఒక రోజు చూశారు. డ్రయ్యర్‌కు ముహూర్తం నిలిచింది. అయితే దానిని ఎక్కడ నిలబెట్టాలన్న మాట వారిద్దరూ అరుగు దిగకముందే మాట్లాడుకున్నారు. పాత రేకుల కొట్టం తీసివేసి అక్కడ పెట్టేటట్లూ, కల్లం కల్లంగానే ఉండేటట్లూ, ఎండ ఉన్నంతకాలం వడ్లు ఎండలోనే ఆరేటట్లూ, ముసురు పట్టిన దినాలలో డ్రయ్యర్ దగ్గరి పని కూడా కల్లం ఆడవారికే ఇచ్చేటట్లూ కుదిరింది. పొగగొట్టాన్ని ఇంకొంత ఎత్తు లేపుతానని సేటు తనంతట తానే అన్నాడు. "నీడకు నాలుగు రేకులు గూడ ఎయ్యి సేటూ, పని ఎట్లన్న పెట్టుకుంటున్నవ్ గద" అని అక్క అడిగింది. "చూసిండ్రా అయ్యగారూ, ముహూర్తం మిషినుకు పెట్టిస్తే రేకులు ఈమెకు పడుతున్నయ్" అంటూ సేటు వెళ్ళాడు. రేకులు పడ్డాయి.

అందరికీ మేలు జరిగిందని వ్రాస్తే అది అబద్ధమవుతుంది. డ్రయ్యర్ దగ్గర అంతమందికి పని ఉండదు. వానకాలంలో కొందరు గరిడేపల్లి వైపు నాట్లకు పోవలసి వచ్చింది. ఏండ్లు గడిచిన కొద్దీ కల్లం కూడా కొంత కొంతగా తరిగి, ఒకనాటికి మొత్తమే పోయింది. అప్పటికి అక్క పెద్ద కూతురు అదే మిల్లులో యంత్రం దగ్గర పనిలో ఉన్నది. ఆ మిల్లులో ఏ మార్పు జరిగినా సేటు ముందుగా కల్లంలోకి వచ్చి ఆడవారితో చెప్పేవాడని మాత్రం నేను విన్నాను. ఆనాడు అరుగు మీద నిలిచిన మాట అది ఒక్కటే కావచ్చు. అది చిన్నదని నేను అనుకోను.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర తాతయ్యను అడిగాను, ఆయన ఎవరి పక్షమని. తనకు మొదటినుంచీ ఎండే ఇష్టమని చెప్పారు. ఆశ్చర్యపోయి, మరి ఆ మాట అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను. తాను చెప్పి ఉంటే ఇద్దరూ తనతో వాదించేవారనీ, ఒకరి మాట ఒకరు వినే అవసరమే వారికి కలిగేది కాదనీ అన్నారు. అన్నం కలుపుకుంటూ మామూలుగా అన్న మాట అది. నాకు ఆ వయసులో సగమే అర్థమైంది.

మిగిలిన సగం అర్థం కావడానికి ముసలితనం రావలసి వచ్చింది. నేనిప్పుడు సూర్యాపేటలో ఉంటున్నాను. మా తమ్ముని కొడుకు పెన్‌పహాడ్‌లో పొలం చేస్తున్నాడు, బోరుకు సోలార్ మోటారు పెట్టుకున్నాడు. మా అల్లుడు బొగ్గుతో కరెంటు తీసే కేంద్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య కోదాడలో ఒక పెండ్లికి ఇద్దరూ కలిశారు, విస్తర్ల ముందే మొదలుపెట్టారు.

"పొద్దుగూకినంక నీ పలకలు ఏం జేస్తయ్ తమ్మీ? ఫంక్షన్‌హాలుల ఈ ఏసీ ఎవడిస్తున్నడు?"

"నువ్వే ఇస్తున్నవ్ అన్నా, పొగతోటి కలిపి ఇస్తున్నవ్. అత్తా, నువ్వు చెప్పు, ఎవరిది కరెక్టు?"

నేను ఎండ పక్షమే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అయినా ముందుగా అల్లుని తరఫున మాట్లాడాను. సూర్యుడు అస్తమించిన తరువాత దవాఖానలు నడవాలన్నాను. ఎండను దాచిపెట్టే బ్యాటరీలు ఇంకా అందరికీ అందుబాటులోకి రాలేదన్నాను. ఆ కేంద్రం మీద ఆధారపడి ఇండ్లు కట్టుకున్న కుటుంబాలు ఉన్నాయన్నాను. బాగానే చెప్పాననుకొని, "ఇంతేనా నాయనా?" అని అడిగాను.

అతడు తల అడ్డంగా ఊపాడు. విస్తరి వైపు చూస్తూ, తగ్గిన గొంతుతో అన్నాడు. "గంతే కాదత్తమ్మా. బొగ్గు కాల్చుడు పాపమని బడిల చెప్పిండ్రంట. నా బిడ్డ ఇంటికొచ్చి, నాన్నా నువ్వు చేసేది గదేనా అని అడిగింది. నేను రాత్రంత డ్యూటీ చేసొచ్చి పండుకొని అప్పుడే లేసిన."

మా తమ్ముని కొడుకు తినడం ఆపాడు. ఆ తరువాత వారిద్దరూ మాట్లాడుకున్నారు, గొంతులు లేవలేదు. ఎవరూ పక్షం మారలేదు. నేనూ మారలేదు. ఈ నేలకు ఇంత ఎండ ఉండగా బొగ్గును తవ్వి తెచ్చి కాల్చడం ఎక్కువకాలం సాగరాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఎవరు అడిగినా, మొదట ఆ కొలిమి ముందు రాత్రంతా మేలుకొన్న మనిషి మాట చెబుతాను. దానిని అతడు ఒప్పుకునేటట్లు చెప్పగలిగాననిపించిన నాడే నా మాటకు వస్తాను.