ఓబెద్ బాబాయ్ కట్టిన జతలు

మా ఓబెద్ బాబాయ్ జీవితంలో మనసు పెట్టి చేసిన పని ఒక్కటే. ఓటు వేయడానికి బయల్దేరిన వాళ్ళను ఆపేయడం. పార్టీలంటే గిట్టనివాడెవడో ఈ పని చేస్తే అర్థం చేసుకోవచ్చు. బాబాయ్ మా కార్వర్స్ మిల్ మండలానికి ముప్పై ఏళ్ళపాటు పాత పార్టీ పెద్ద. ఓటర్లను బళ్ళెక్కించి తీసుకురావడమే ఆయన ఉద్యోగం.

ఆయన పద్ధతికి జత అని పేరు. మన పార్టీ వాడొకడు, ఎదుటి పార్టీ వాడొకడు. ఇద్దరూ ఓటేస్తే ఒకదానికొకటి చెల్లు. చెల్లిపోయే ఓట్ల కోసం నవంబరు బురదలో నాలుగేసి మైళ్ళు గుర్రాల ప్రాణం తీయడం ఎందుకు? ఇద్దరూ మానేస్తే ఫలితం మారదు, గుర్రాలు సుఖపడతాయి. ఇది బాబాయ్ కనిపెట్టిన సంగతి కాదు, మా ఒహాయోలో అంతకు ముందూ ఉంది. కాని మిగతా చోట్ల ఎప్పుడో ఇద్దరు స్నేహితులు చేసుకునే ఏర్పాటు, మా దగ్గర వ్యవసాయం స్థాయికి పెరిగింది. ఒక ఏడు స్కూలు కమిటీ ఎన్నికలో ఓట్లు వేయించేవాళ్ళం ఆరుగురం, వేసినవాళ్ళు నలుగురు.

ఎన్నికలు లేని రోజుల్లో కూడా ఆయన చేతులు ఊరుకునేవి కావు. చర్చి పాటల బృందంలో ఒకావిడ శ్రుతికి పైన పాడుతుందనీ, ఇంకొకావిడ కింద పాడుతుందనీ, ఇద్దరూ మానేస్తే లెక్క సరిపోతుందనీ అందరి ముందూ ప్రతిపాదించాడు. పైన పాడే ఆవిడ ఆయన భార్య హెట్టీ పిన్ని. ఆ ఆదివారం బాబాయ్ మా ఇంట్లో భోంచేశాడు.

జతకు ఆయన సొంతంగా చేర్చిన నియమం ఒకటుంది. మాటిచ్చినవాడు దొడ్డిదారిన వచ్చి ఓటేసి పోతేనో? అందుకని ఇద్దరూ పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఐదున్నర దాకా ఒకరి కళ్ళముందు ఒకరుండాలి. అదీ బాబాయ్ పెరట్లోనే. సరిగ్గా ఆ రోజే పెరట్లో హెట్టీ పిన్ని ఆపిల్ పాకం పెట్టేది. మా వైపు వాళ్ళకు ఆ పాకం లేకపోతే చలికాలం గడవదు. పెద్ద రాగి గుండిగలో ఆపిల్ రసం పోసి, ముక్కలు వేసి, నిలువెత్తు తెడ్డుతో పొద్దు గుంకేదాకా కలుపుతూనే ఉండాలి. తెడ్డు ఒక్క నిమిషం ఆగిందా, అడుగంటి మొత్తం మాడిపోతుంది. ఆ తెడ్డు జతగాళ్ళ చేతికిచ్చేవాడు. తనేమో వసారాలో కుర్చీ వేసుకుని, టోపీ ముఖం మీదికి లాక్కుని కునుకు తీసేవాడు.

ఊరు ఊరంతా దీన్ని ఒకే రకంగా అర్థం చేసుకుంది. ఓబెద్‌కి పాకం కలిపే మనుషులు కావాలి, ఊరికే వచ్చేవాళ్ళు కావాలి, అందుకే ప్రజాస్వామ్యాన్ని పొయ్యిలో పెడుతున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. బాబాయ్ ఇంటి ఎదురుగా ఉన్న బడిలో మాస్టర్ని. ఓట్లు పడేది ఆ బడిలోనే కాబట్టి ఓటర్ల పుస్తకం రాసేవాణ్ణి కూడా నేనే. సారాయి దుకాణం ఉండాలా, మూసేయాలా అని ఓటు పెట్టిన ఏడు బాబాయ్ పాదిరిగారికీ సారాయి దుకాణం యజమానికీ జత కట్టాడు. ఇద్దరూ పదకొండు గంటలు పాకం కలిపారు. మర్నాటి నుంచి పాదిరిగారు ఆ దుకాణం ముందు ఆగి, లోపలికి మాత్రం పోకుండా, యజమాని మోకాలినొప్పి ఎలా ఉందో అడిగి వెళ్ళేవారు.

అలా ఉండగా వచ్చింది 1912.

మా వాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మాకంటే సంప్రదాయవాదులు ఆ జిల్లాలో లేరు. చర్చి గడియారం పావుగంట వెనకబడి నడుస్తోందని తెలిసినా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, పెళ్ళిళ్ళే పావుగంట ఆలస్యంగా చేసుకున్నాం. మండలంలో నూట నలభై ఓట్లుంటే తొంభై కళ్ళు మూసుకుని పాత పార్టీకి పడేవి. తాత వేశాడు, తండ్రి వేశాడు, మేమూ వేశాం. అటువంటి పార్టీ నుంచి ఆ వేసవిలో దేశ మాజీ అధ్యక్షుడే అలిగి బయటికొచ్చి, వేరే పార్టీ పెట్టి, కొమ్ముల దుప్పి గుర్తుతో పోటీకి దిగాడు. పాత పార్టీ తరఫున మళ్ళీ నిలబడ్డ, గద్దె మీద ఉన్న అధ్యక్షుడు మా ఒహాయో మనిషి. బయటికొచ్చినాయన ఎనిమిదేళ్ళుగా మా ఇళ్ళల్లో గోడల మీద వేలాడుతున్న మనిషి. ఎవర్ని కాదనుకోవాలో తెలియక మా రైతులు అల్లాడిపోయారు.

మంగలి దుకాణంలో, రైల్వే స్టేషన్లో, శవాల దగ్గర కూడా ఒకటే చర్చ. సంప్రదాయవాదుల ఓటు చీలుతుందా, చీలదా? చీలితే యాభై ఓట్లున్న ఎదుటి పార్టీ కూర్చున్న చోటినుంచి లేవకుండా గెలుస్తుంది. బాబాయ్‌ని అడిగితే మబ్బుల వైపు చూసి, ఈసారి ఆపిల్స్ బాగా కాశాయనేవాడు.

మిగతా ఊళ్ళో ఓటు చీలుతుందో లేదో గాని, క్రాండల్ అన్నదమ్ముల ఇంట్లో జులైలోనే చీలిపోయింది. అన్న లెమ్యూల్‌కి అరవై రెండు, తమ్ముడు హైరమ్‌కి యాభై ఎనిమిది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఒకే ఇల్లు, ఒకే పొలం, ఒకే కుక్క. అన్న పాత పార్టీలో ఉండిపోయాడు, తమ్ముడు మాజీ అధ్యక్షుడి వెంట వెళ్ళాడు. వాళ్ళ హాల్లో ఉన్న ఆయన పటాన్ని పొద్దున్నే లెమ్యూల్ గోడ వైపు తిప్పేవాడు, మధ్యాహ్నం హైరమ్ మళ్ళీ ఇటు తిప్పేవాడు. ఆగస్టుకల్లా మాటలు ఆగిపోయాయి. చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే కుక్కకు చెప్పుకునేవారు. అది ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూసి, చివరికి మా బడి మెట్ల మీదికి మకాం మార్చింది.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. అక్టోబరులో లెమ్యూల్ సర్వేయర్‌ని పిలిపించాడని తెలిశాక ఎవరికీ నవ్వు రాలేదు. ఎన్నికలు మంగళవారం. గురువారం పొలం రెండుగా కొలిచి కంచె వేస్తారు. కంచె బావి మీదుగా, ధాన్యపు కొట్టు నడిమధ్యగా పోతుంది. వాళ్ళ నాన్న అడవి కొట్టి చేసిన పొలం అది. గుంజలు అప్పటికే వచ్చి వాకిట్లో పడి ఉన్నాయి.

అదే వారం జిల్లా పార్టీ కార్యదర్శి స్ప్రేగ్ గారి దగ్గర్నుంచి బాబాయ్‌కి ఉత్తరం వచ్చింది. ఈసారి ప్రతి ఓటూ ప్రాణంతో సమానమనీ, జతలూ గితలూ కట్టొద్దనీ దాని సారాంశం. బాబాయ్ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, క్రాండల్ వాళ్ళింటి వైపు నడిచాడు. సాయంత్రానికి వార్త నా చెవిన పడింది. ఆయన లెమ్యూల్‌కీ హైరమ్‌కీ జత కట్టాడు.

నేను పరుగున వెళ్ళాను.

"బాబాయ్, ఇద్దరూ మనవాళ్ళే కదా. మన ఓట్లు మనమే కొట్టేసుకుంటామా?"

"ఇప్పుడు వాళ్ళవి వేర్వేరు పార్టీలు కావటోయ్ మాస్టారూ?"

"కావచ్చు. కాని దీనివల్ల లాభం ఎదుటివాళ్ళకు కదా?"

"లాభం సంగతి నాకు తెలీదు. పాకానికి మనుషులు కావాలి."

ఆ ఇద్దర్నీ ఎలా ఒప్పించాడని అడిగితే, అది చాలా తేలికన్నాడు. నువ్వు మానేస్తే నీ తమ్ముడి ఓటు మట్టిలో కలుస్తుందని అన్నకు చెప్పాడట. తమ్ముడికీ అదే ముక్క తిరగేసి చెప్పాడట. ఒకడి ఓటు పాడుచేయడానికి రెండోవాడు సంతోషంగా తన ఓటు వదులుకున్నాడు.

మంగళవారం పొద్దున్న బడి కిటికీ పక్కన పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఎదురుగా బాబాయ్ పెరట్లోంచి పొగ లేస్తోంది. గుండిగకు అటొకడు, ఇటొకడు నిలబడి తెడ్డు పట్టుకున్నారు. లెమ్యూల్ కుడికి తిప్పుతాడు, హైరమ్ ఎడమకి లాగుతాడు. తెడ్డు ఎటూ పోలేక మధ్యలో వణుకుతోంది. వసారాలో టోపీ కింద బాబాయ్ నిద్ర.

పన్నెండింటికి భోజనానికి అక్కడికే వెళ్ళాను. అప్పటికి ఆరు గంటలుగా వాళ్ళ మధ్య ఒక్క మాట లేదు. హెట్టీ పిన్ని నా పళ్ళెంలో మాంసం ముక్క వేస్తూ, పాకం మాడితే క్రాండల్ వాళ్ళు మాడ్చారని చర్చిలో లేచి చెబుతానని గట్టిగా అంది. అప్పుడు లెమ్యూల్ గుండిగలోకి వంగి చూశాడు.

"అడుగంటుతోంది."

"నాకూ తెలుస్తోంది" అన్నాడు హైరమ్.

కుక్క లేకుండా వాళ్ళు మాట్లాడుకోవడం మూడు నెలల్లో అదే మొదటిసారి. ఇద్దరూ ఒకే వైపుకి తిప్పడం మొదలుపెట్టారు. కాసేపటికి లవంగం వేయాలని ఒకడు, దాల్చినచెక్క వేయాలని ఒకడు. అమ్మ లవంగమే వేసేదని లెమ్యూల్. నీకేం తెలుసు, నువ్వెప్పుడూ పొలంలో ఉండేవాడివి, పొయ్యి దగ్గర నేనుండేవాణ్ణని హైరమ్. బడికి తిరిగొచ్చినా నా చెవులు అక్కడే ఉన్నాయి. మూడింటికి నవ్వు వినిపించింది. క్రాండల్ ఇంటి నవ్వు ఒక మైలు దూరం వినిపించే రకం. ఓటు వేయడానికొచ్చిన కమ్మరి బ్యాలెట్టు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇదిగో, ఇప్పటికీ ఎక్కడైనా లవంగాల వాసన తగిలితే నాకు ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది, ఊరికే మనసు తేలికపడుతుంది.

ఐదింటికి స్ప్రేగ్ గారు మోటారు కారులో బురద చిమ్ముకుంటూ వచ్చారు. పోటీ హోరాహోరీగా ఉందని ఎవరో కబురు చెప్పారట. తిన్నగా పెరట్లోకి వెళ్ళి లెమ్యూల్ చెయ్యి పట్టుకున్నారు. నేను కిటికీలోంచి సగం బయటికి వంగి వింటున్నాను.

"అరగంట టైముంది. వచ్చి ఓటెయ్యండి."

లెమ్యూల్ తమ్ముడి ముఖం చూశాడు. మాటిచ్చింది తమ్ముడికి.

"వెళ్ళన్నయ్యా" అన్నాడు హైరమ్. "నేనేమీ అనుకోను. వెళ్ళి వేసిరా."

"పాకం చిక్కబడింది. నువ్వొక్కడివీ తిప్పలేవు."

"తిప్పుతాలే."

"నీ భుజం సంగతి నాకు తెలుసు" అని లెమ్యూల్ చెయ్యి విడిపించుకుని మళ్ళీ తెడ్డు పట్టుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు లెక్క తేలింది. ఎదుటి పార్టీకి యాభై, పాత పార్టీకి నలభై తొమ్మిది, దుప్పికి ముప్పై ఎనిమిది. మా మండలం చరిత్రలో పాత పార్టీ ఓడిపోవడం అదే మొదలు. స్ప్రేగ్ గారు నా చేతిలో పుస్తకం లాక్కుని, ఓటు వేయనివాళ్ళ పేర్లు వేలు పెట్టి వెతికారు. క్రాండల్ లెమ్యూల్. క్రాండల్ హైరమ్. మూడో పేరు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. వీలాక్ ఓబెద్.

ఆయన పుస్తకం పట్టుకుని పెరట్లోకి నడిచారు, వెనకే నేను. క్రాండల్ సోదరులు అప్పటికే తమ వాటా జాడీలు బండిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. సర్వేయర్‌ని రావద్దని చెప్పమని హెట్టీ పిన్నికి చెప్పి మరీ వెళ్ళారట.

"లెమ్యూల్ ఓటు, మీ ఓటు పడుంటే యాభై ఒకటి" అన్నారు స్ప్రేగ్ గారు. "గెలిచేవాళ్ళం. ఆయనంటే తెడ్డు వదల్లేకపోయాడు. పొద్దుటినుంచి ఈ కుర్చీలో నిద్రపోయిన మీకేమొచ్చింది?"

"నిద్రెక్కడిదండీ" అన్నాడు బాబాయ్. ఏళ్ళ తరబడి దాచుకున్న తప్పు బయటపడినట్టు ముఖం పెట్టాడు. "మూడింటికి లేచి వెళ్దామనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే వాళ్ళు వాళ్ళమ్మ సంగతి ఎత్తారు. నేను కదిలితే ఎక్కడ ఆపేస్తారోనని కదల్లేకపోయాను. తరవాత మీరొచ్చారు."

నాకప్పుడు తట్టింది. పాదిరిగారూ సారాయి ఆయనా మొదలుకుని, నా పుస్తకంలో ఖాళీగా మిగిలిన జతలన్నీ ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. అందులో ఒక్క జత కూడా మంచిగా ఉన్నవాళ్ళది కాదు. అందరూ ఆ ఏడు మాటల్లేనివాళ్ళే. ఇన్నేళ్ళూ నేను ఆయన్ని పిసినారి అనుకున్నందుకు సిగ్గేసింది.

స్ప్రేగ్ గారికి మాత్రం కోపం తగ్గలేదు. ఓట్లు చీల్చింది మాజీ అధ్యక్షుడు కాదనీ, ఈ గుండిగేననీ ఆయన అరుస్తుంటే, హెట్టీ పిన్ని వేడి రొట్టె మీద పాకం దట్టంగా రాసి ఆయన చేతిలో పెట్టింది. అరవడానికి తెరిచిన నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. రెండోది ఆయనే అడిగి తీసుకున్నారు. అది కూడా అయ్యాక టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ బాబాయ్ దగ్గరికి జరిగారు.

"ఓబెద్ గారూ" అన్నారు, గొంతు బాగా తగ్గించి. "మా బావమరిది కొత్త పార్టీలోకి పోయాడు. జూన్ నుంచి మా గుమ్మం తొక్కలేదు. నేనూ పిలవలేదు. మా ఆవిడ రోజూ ఏడుస్తోంది." తెడ్డు వైపు చూస్తూ, "మళ్ళీ అధ్యక్ష ఎన్నికలంటే నాలుగేళ్ళు ఆగాలి కదూ?" అన్నారు.

బాబాయ్ గుండిగలోకి తొంగి చూసి, హెట్టీ పిన్ని వైపు తిరిగాడు.

"ఇంకా ఆపిల్స్ ఉన్నాయంటావా?"

"బండెడున్నాయి" అంది పిన్ని.

"అయితే గురువారం పొద్దున్న ఆరింటికి ఇద్దరూ వచ్చేయండి" అన్నాడు బాబాయ్. "పాత చొక్కాలు వేసుకుని రండి. చిందుతుంది."

ఆ గురువారం మా మండలంలో ఎన్నికలేమీ లేవు. అయినా పొద్దున్నే బడి తలుపు తీస్తూ చూస్తే ఎదురు పెరట్లో పొగ లేస్తోంది. గుండిగకు అటూ ఇటూ ఇద్దరు పెద్దమనుషులు తెడ్డును చెరో వైపుకీ లాగుతున్నారు. వసారాలో బాబాయ్ టోపీ ముఖం మీదికి లాక్కుంటున్నాడు.